ముప్పై బోట్ల సున్నా

ఏడువందల నలభై మూడో గాలం కూడా వట్టిదే వచ్చింది. ఎరగా గుచ్చిన కవ్వళ్ళు చేప గుచ్చింది గుచ్చినట్టే ఉంది, కళ్ళు మాత్రం తెల్లబడ్డాయి. పెంటయ్య దాన్ని ఊడబెరికి నీళ్ళలోకి విసిరి, గాలాన్ని బుట్టలో పడేసి, తరవాతి దానికోసం చెయ్యి చాపాడు. మూడేళ్ళుగా రోజూ జరిగేదానికి మాటలెందుకు?

విశాఖ రేవుకి డెబ్బై మైళ్ళ అవతల, ఉదయం పది గంటల ఎండలో, నలభై కిలోమీటర్ల తాడును బోటు మెల్లగా పైకి చుట్టుకుంటోంది. ఆ తాడుకి వెయ్యి గాలాలు. బోటు నడిపే సరంగు చోడిపల్లి ఎల్లాజీకి యాభై రెండేళ్ళు. గాలాలు లాగే పెంటయ్య అతని బావమరిది. ఒకప్పుడు వాళ్ళు టూనా పట్టేవాళ్ళు. రేవులో దాన్ని సూర అంటారు. ఇప్పుడు సూర లేదని రాసే ఉద్యోగం చేస్తున్నారు. రాసేది కాగితం మీద కాదు, పెట్టెలో.

పెట్టె అంటే చుక్కాని గదిలో గోడకి బిగించిన బూడిదరంగు డబ్బా. నాలుగు గిన్నెల క్యారేజీ అంత ఉంటుంది. దాని అసలు పేరు ఇంగ్లీషులో చాంతాడంత, ఆ పేరుతో పిలిచే ఓపిక రేవులో ఎవరికీ లేదు. ఎన్ని గాలాలు నీళ్ళలోకి దిగాయో ఒకప్పుడు సరంగు లాగ్‌బుక్కే చెప్పేది; ఈ మూడేళ్ళుగా సెన్సర్‌తో అదే లెక్కపెట్టుకుంటోంది. బోటు ఎక్కడుందో శాటిలైట్‌ని అడిగి తెలుసుకుంటుంది. దానికి సొంతంగా తెలియనిదల్లా చేపలెన్ని పడ్డాయన్నదే. అది సరంగు మీట నొక్కి చెప్పాలి. కెమెరా పెడితే బోట్లు కదలవని సరంగులంతా భీష్మించుకు కూర్చున్నారు మరి!

పడిన చేపల్ని దించిన గాలాలతో భాగిస్తే వచ్చేదాన్ని హుక్ రేటు అంటారు. సముద్రంలో చేపల తలలు ఎవరూ లెక్కపెట్టలేరు కనక సైన్సు ఈ భాగహారాన్నే నమ్ముకుంది. వెయ్యి గాలాలకి నాలుగు పడితే సముద్రం పచ్చగా ఉన్నట్టు. ఒకటి పడితే చిక్కిపోయినట్టు. ఇరవై ఏళ్ళ పాత లాగ్‌బుక్కులన్నీ మింగి, ఈ భాగహారం నేర్చుకుని, ఫలానా చోట తాడు వెయ్యండి, ఇంకా ఇన్ని బోట్లు దించవచ్చు అని చెప్పేందుకే పెట్టె పుట్టింది. మొదటి పదేళ్ళు అది రేవంతటికీ ముద్దుబిడ్డ. బోట్లు వంద నుంచి మూడువందలయ్యాయి. గాలాలు మూడింతలయ్యాయి. చేప మాత్రం పెరగలేదు, తరవాత తగ్గింది, ఆ తరవాత కనిపించడం మానేసింది. పెట్టె తెర మీద హుక్ రేటు మాత్రం చివరి నెల దాకా నాలుగు దగ్గరే నిక్షేపంగా ఉంది.

తప్పు పెట్టెది కాదని కనిపెట్టింది దాన్ని తయారుచేసిన డాక్టర్ పరిమళే. మూడేళ్ళ కిందట ఆమె ఎల్లాజీ పాత లాగ్‌బుక్కుల్ని ఒళ్ళో పెట్టుకుని, ఈ బోటులోనే ఐసు గది మూత మీద కూర్చుని అడిగింది.

"ఎల్లాజీగారూ, ఈ సోమవారం, మంగళవారం మీరు వేటకి వెళ్ళలేదా?"

"ఎళ్ళాం మేడమ్."

"బుధవారం ఒక్కటే రాశారు. వెయ్యి గాలాలు, నాలుగు చేపలు అని."

"సోమారం, మంగళారం వట్టితాడండి. ఏటీ పడనేదు."

"పడకపోతే సున్నా రాయాలి కదండీ?"

ఎల్లాజీ ఆమెకేసి జాలిగా చూశాడు. "వట్టితాడు కాగితం మీద పెట్టకూడదమ్మా. పెడితే మళ్ళీ అదే వస్తాది. మా అయ్య పెట్టనేదు, ఆళ్ళయ్యా పెట్టనేదు."

డాక్టర్ పరిమళ పెన్ను తీసి లాగ్‌బుక్కు అట్ట మీద లెక్క వేసింది. నాలుగు చేపలు పడింది మూడువేల గాలాలకి; పెట్టెకి తెలిసింది వెయ్యే. రేవులో ఏ సరంగూ ఏనాడూ సున్నా రాయలేదు. సున్నా అనేది ఒకటుంటుందని తెలియకుండానే పెట్టె పెద్దదై, లేని చేపకోసం మూడువందల బోట్లను పంపింది.

సముద్రం మూసేశారు. ముప్పై బోట్లను మాత్రం నమూనాకి ఉంచారు. నియమం సులువైనదే. మూడేళ్ళు రోజూ గాలాలు వెయ్యాలి, ఉన్నది ఉన్నట్టు రాయాలి. చేప పడితే వదిలెయ్యాలి. ఏ నాలుగు బోట్లకి చేప పడినా సముద్రం తెరుస్తారు, అంతకు తక్కువైతే గడువు పెంచుతారు. ఒక్కటీ పడకపోతే, ఇక సూర లేదని తేల్చి, ముప్పై బోట్లనూ తుక్కు చేస్తారు. ఇంకో చిన్న మాట కూడా ఉంది. ఎవరికి చేప పడినా, ఆ చోటు ఎక్కడో పెట్టె అదే నిమిషంలో మిగతా ఇరవై తొమ్మిది తెరల మీదా చూపించేస్తుంది. దాపరికం ఉండకూడదని మేడమ్ పెట్టించిన ఏర్పాటు అది.

మొదటి సున్నా నొక్కేముందు ఎల్లాజీ సముద్రానికి దణ్ణం పెట్టాడు. నూరో సున్నాకి పెట్టలేదు. ఆరువందలు దాటాక, సున్నా నొక్కడం బీడీ ఆర్పడం లాంటి పనైపోయింది. పొద్దున ఆశా లేదు, సాయంత్రం బాధా లేదు. ఇంట్లో భార్య "పడ్డాదా?" అని అడగడం మానేసి ఏడాదైంది. ఆమె మానేసిందన్న సంగతి కూడా అతను చాలా రోజులకి గాని గమనించలేదు. వట్టి గాలాలకి చేతి తొడుగులెందుకని ముప్పై బోట్లలోనూ తొడుగులు మానేశారు. ఒకప్పుడు చెక్కలా ఉండే అరచేతులు గుమాస్తా చేతుల్లా మెత్తబడ్డాయి.

ఎనిమిదివందల పదకొండో గాలం దగ్గర తాడు నిటారుగా కిందికి బిగుసుకుంది.

"బావా," అన్నాడు పెంటయ్య.

ఎల్లాజీ వచ్చి గాలం తాడు రెండు చేతులా పట్టుకున్నాడు. అటునుంచి ఒక్క గుంజు గుంజింది. నైలాను తాడు అరచేతుల్లోంచి, బొటనవేలి మీదుగా చర్మాన్ని ఒలుచుకుంటూ జారిపోయింది. వదల్లేదు. పావుగంట పెనుగులాడాక బోటు పక్కన నీళ్ళు తెల్లగా చీలాయి. రెక్కసూర. పసుపుపచ్చ రెక్కలు, నీలం వీపు, మనిషి నడుమంత లావు. గుండ్రటి కన్ను ఒకటి ఎల్లాజీని చూసింది, లేదా ఆకాశాన్ని చూసింది.

ఆనందం వస్తుందేమోనని ఎల్లాజీ ఒక క్షణం ఆగాడు. రాలేదు. ఏడుపూ రాలేదు. చేతులు మండాలి కదా, అవీ మండలేదు. కత్తి తీసి తాడు కోశాడు. చేప కిందికి దిగిపోయింది. అది దిగుతున్న నీళ్ళలో, లోతున, ఇంకా చాలా నీలం వీపులు ఒకే దిక్కుగా కదిలాయి. ఇద్దరూ చూశారు.

చివరి గాలం లాగాక ఎల్లాజీ పెట్టె ముందు నిలబడ్డాడు. తెర అడిగింది: చేపలు ఎన్ని?

"గడువు ఇంకా పదకొండు రోజులుంది బావా," అన్నాడు పెంటయ్య వెనకనుంచి. "ఒకటని నొక్కీ."

"నొక్కితే రేపు పొద్దునకి ఇక్కడ ఇరవై తొమ్మిది బోట్లుంటాయిరా."

"నొక్కకపోతే మన బోటుండదు."

"నాలుగు బోట్లు సెప్తే సాలు. మనకి పడినట్టే ఆళ్ళకీ పడతాది. ఆళ్ళు సెప్తారు, సముద్రం తెరుస్తారు. తెరిసినాక ఈ సోటు మనకొక్కళ్ళకే తెలుసుంటాది."

పెంటయ్యకి అందులో తప్పేమీ కనిపించలేదు. తన చోటు పక్క సరంగుకి చెప్పిన సరంగు ఆ రేవులో ఇంతవరకూ పుట్టలేదు. ఎల్లాజీ సున్నా నొక్కాడు. పెట్టె ధన్యవాదాలు చెప్పింది.

పదకొండు రోజులూ గడిచాయి. పన్నెండో రోజు రేవు పక్కన వేలం షెడ్డులో సమావేశం పెట్టారు. సరంగులు ముప్పై మందీ బోటు సంఖ్య వరసన నిలబడ్డారు. ఎల్లాజీది పద్దెనిమిదో బోటు. పెంటయ్య బయట మెట్ల మీద కూర్చున్నాడు. డాక్టర్ పరిమళ జుట్టు ఈ మూడేళ్ళలో బాగా నెరిసింది. మైకు పట్టుకుని, కాగితం చూడకుండా మాట్లాడింది.

"ముప్పై బోట్లు, మూడేళ్ళు. ఒక్క చేప కూడా లేదు. ఇంత స్పష్టమైన డేటా నా సర్వీసులో చూడలేదు. బంగాళాఖాతంలో మన వైపు సూర అంతరించిందని రాసి ఇవ్వక తప్పడం లేదు." ఆమె మైకు కొంచెం దించింది. "ఒక్కమాట. ఆ రోజుల్లో మీరు సున్నాలు దాచారని మీ మీద కోప్పడ్డాను. ఈ మూడేళ్ళూ ఒక్కరు కూడా తప్పు రాయలేదు. మీకు నా నమస్కారం."

ఆమె నిజంగానే చేతులు జోడించింది. ముప్పై మందీ నేలకేసి చూశారు.

తరవాత బోట్లు అప్పగించే తంతు మొదలైంది. బల్ల మీద వేలిముద్రల యంత్రం పెట్టారు. మొదటి సరంగు బొటనవేలు పెట్టాడు. యంత్రం ముద్ర అందలేదని ఎర్రదీపం వెలిగించింది. తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఎర్రదీపమే. రెండోవాడికీ అంతే, మూడోవాడికీ అంతే.

"ఈ మెషీన్ ఈరోజే పాడవ్వాలా!" అంది డాక్టర్ పరిమళ విసుగ్గా. "పోనీండి, పెన్నుతో సంతకం పెట్టండి."

ఎల్లాజీ ముందున్నది ముసలి దానయ్య, పదిహేడో బోటు సరంగు. అతను పెన్ను అందుకోడానికి చెయ్యి తెరిచాడు. అరచేయి అడ్డంగా, బొటనవేలి మీదుగా, ఒలిచినట్టు ఎర్రటి గీత. ఇంకా పచ్చిగానే ఉంది. ఎల్లాజీ, సంతకాలు పెట్టి పక్కన నిలబడ్డవాళ్ళ చేతులకేసి చూశాడు. పదకొండోవాడికి గుడ్డ కట్టు. ఆరోవాడికి మానుతున్న పొక్కు. ఒకటోవాడికి పాత మచ్చ, ఏడాది నాటిది అయ్యుంటుంది. వెనక్కి తిరిగి చూశాడు. వెనకవాళ్ళు గుప్పిళ్ళు మూసుకున్నారు.

దానయ్య ఎల్లాజీ చేతిని చూశాడు, ఎల్లాజీ దానయ్య చేతిని చూశాడు. ఇద్దరూ ఏమీ అనలేదు. నోరు తెరిస్తే, ఎక్కడ పడ్డాదని ఎవడో అడుగుతాడు.

"తరవాతివారు," అంది డాక్టర్ పరిమళ.

ఎల్లాజీ సంతకం పెట్టాడు. పెన్ను ఒరుసుకుని చెయ్యి మండింది. పన్నెండు రోజుల తరవాత మొదటిసారి మండింది. బయటికొచ్చేసరికి పెంటయ్య మెట్ల మీంచి లేచాడు. వాడి వెనక, రేవు చివర, ఒకటో బోటు పక్కన తుక్కు ఎత్తే క్రేను అప్పుడే కొక్కెం దించుతోంది.

"ఏటైంది బావా? ఎవరైనా సెప్పారా?"

ఎల్లాజీ షెడ్డులోకి వెనక్కి తిరిగి చూశాడు. వరస ముందుకి జరుగుతోంది.

"సెప్తార్రా," అన్నాడు. "ఇంకా పన్నెండు మందున్నారు."