కుడి చెంప మీద పుట్టుమచ్చ

"ఓ అన్నా, ఆ నీళ్ళల్ల కాలు పెట్టకు, జర ఆగు."

అతను ఆగలేదు. ఆగడానికి నీళ్ళూ కనబడలేదు, ఆ మాట అన్న పిల్లా కనబడలేదు. ఆరడుగుల నిలువుటద్దాన్ని రెండు చేతులా పట్టుకుని ట్రాలీ ఆటో నుంచి కొట్టులోకి నడుస్తున్నవాడికి కళ్ళ ముందున్నది అద్దం వెనక చెక్క ఒక్కటే. చెప్పు కాలు సరిగ్గా గుంట మధ్యలో పడింది.

జోస్నా అరగంట నుంచి ఆ గుంట పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. వాన వెలిసిన దిల్‌సుఖ్‌నగర్ మొత్తం ఆ కాస్త నీళ్ళలో తలకిందులుగా దిగింది. మెట్రో స్తంభాలు, ముడిచిన గొడుగులు, చీరల కొట్టు బోర్డు అన్నీ కుదిరాయి. పైన రైలొకటి వస్తే ఫోటో పూర్తవుతుంది. రైలు వచ్చింది, దాంతోపాటు కాలూ వచ్చింది.

"చెప్తే ఇనవా? గంత మంచి ఫోటో ఖరాబ్ చేసినవ్."

అద్దం పక్కనుంచి ఒక మొహం తొంగిచూసింది. చామనఛాయ, చెదిరిన జుట్టు, కుడి చెంప మీద కందిగింజంత పుట్టుమచ్చ.

"బురదగుంటకి ఫోటో ఏవిటండీ?"

"గుంటకు కాదు. అందుల ఉన్న రైలుకు."

"రైలు పైన ఉంది కదండీ, అద్భుతంగా."

ఇంకో నాలుగు మాటలు అందామని జోస్నా లేచి నిలబడింది. కానీ అతని చేతుల్లోని అద్దంలో వీధి వీధంతా వచ్చి కూర్చుంది. తడిసిన బస్సు, మబ్బు చీల్చుకుని వచ్చిన ఎండ, మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్న ముసలమ్మ. తిట్టు గొంతులోనే ఉండిపోయింది.

"కదలకు. గట్లనే నిలబడు. రెండే రెండు నిమిషాలు."

రెండు నిమిషాలు ఏడయ్యాయి. అద్దం బరువెంతో మోసేవాడికే తెలుసు. అయినా అతను కదలలేదు, అదే విచిత్రం.

ఫోటోలో అద్దం నిండా వీధి, పైన పట్టుకున్న వేళ్ళు, కింద బురద పాదాలు పడ్డాయి. మనిషి లేడు. ఆ ఫోటో జోస్నా ఇన్‌స్టా పేజీలో పెట్టిన రాత్రే ఆమెకు ఆ పాదాలెవరివో పేరుతో సహా తెలుసుకోవాలనిపించింది. పేరు ప్రసన్నకుమార్ అని మర్నాడే తెలిసింది.

జోస్నా ఎల్బీనగర్‌లో ఒక ఫోటో స్టూడియోలో పనిచేస్తుంది. పొద్దంతా పాస్‌పోర్ట్ ఫోటోలు, 'గడ్డం జర పైకి, నవ్వొద్దు' అని చెప్పడం. ఆ నవ్వొద్దు అన్న మాట అని అని విసుగొచ్చి, సాయంత్రాలు ప్రతిబింబాలు తీయడం మొదలుపెట్టింది. స్టీలు పళ్ళెంలో పెళ్ళికూతురు, సాసర్‌లోని చాయ్‌లో ఫ్యాను, కూలింగ్ గ్లాసుల్లో సరూర్‌నగర్ చెరువు. ఏమీ దొరక్కపోతే కెమెరా కింద ఫోన్‌ను పడుకోబెట్టి, దాని నల్లటి తెరనే చెరువు చేసేది.

అలాంటి పిల్లకు అద్దాల కొట్టు దొరికితే వదులుతుందా? ముక్కలు కావాలని ఒకరోజు, వంకర అద్దం ఉందా అని ఒకరోజు, ఏ వంకా లేకుండా ఇంకోరోజు వచ్చేది.

కొట్టు ప్రసన్నకుమార్ తండ్రి జోగారావుది. మండపేట నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా అక్కడే అద్దాలు అమ్ముతున్నాడు. "పగిలింది ఇవ్వనమ్మా, అందులో మొహం చూసుకోకూడదు" అని మొదట గదమాయించాడు. నెల తిరిగేసరికి మంచి ముక్కలు అంచులు నూరించి, కాగితంలో చుట్టి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు.

కొట్టు గోడల నిండా అద్దాలే. జోస్నా వీధివైపు తిరిగి కెమెరా సర్దుకుంటున్నా, లోపల గాజు కోస్తున్న ప్రసన్నకుమార్ కనబడేవాడు. తల తిప్పే పని లేదు, దొరికిపోయే భయం లేదు. అలా అని ఆమె అనుకుంది.

"నేనొకటి అడగనా అండీ?" అన్నాడొకసారి ప్రసన్నకుమార్, గాజు మీద గీత గీస్తూ.

"అడుగు."

"మొదటిరోజు అన్నా అన్నారు. మళ్ళీ అనలేదేం?"

"హైదరాబాద్‌ల ఆటోవాళ్ళను, కండక్టర్‌ను, అందర్నీ గట్లనే అంటం. దానికేముంది."

"అందర్నీ అంటారు సరే. నన్నెందుకు మానేశారని."

"నువ్వు నన్ను అండీ అనుడు మాను, అప్పుడు చెప్తా."

అతను అండీ మానలేదు, ఆమె చెప్పలేదు. నాలుగు నెలలు అలాగే హాయిగా గడిచిపోయాయి. హాయిగా గడిచిపోతున్న రోజుల మీదే ఎవరో ఒకరి కన్ను పడుతుంది కదా.

ఒక మధ్యాహ్నం ప్రసన్నకుమార్ తల్లి అమ్మాజీ టిఫిన్ క్యారియర్ తెస్తూ, జోస్నాను చూసి మొహం చేటంత చేసుకుంది. "నీకోసమే చూస్తున్నానమ్మా. రాజమండ్రి నుంచి మావాడికి మంచి సంబంధం వచ్చింది. ఫోటో పంపమన్నారు. వీడు కెమెరా చూస్తే చాలు, కొయ్యబారిపోతాడు. నువ్వయితే బాగా తీస్తావు."

జోస్నా కెమెరా పట్టీ సర్దుకుంది. బాగా తీస్తే అతను పెళ్ళికొడుకైపోతాడు. బాగా తీయకపోతే తను ఏం ఫోటోగ్రాఫర్? వద్దనడానికి కారణం చెప్పాలి. అసలు కారణం ఆమె అతనికే ఇంకా చెప్పలేదు.

"తీస్త ఆంటీ" అంది.

అమ్మాజీ చెప్పింది నిజమే. ఎదురుగా కెమెరా పెడితే ప్రసన్నకుమార్ మొహం ఆధార్ కార్డు మీద బొమ్మలా బిగుసుకుపోయింది. పది తీసి, పదీ చెరిపేసింది.

"ఇటు చూడకు. గా నిలువుటద్దం వైపు తిరిగి నిలబడు" అంది చివరికి. తను పక్కకు జరిగి, అద్దంలోని మనిషి మీద కెమెరా గురిపెట్టింది.

"నాకు మీరు కనబడుతున్నారండీ ఇందులో."

"కనబడనీ."

"అంటే మీక్కూడా నేను కనబడుతున్నట్టేగా. అద్దం లెక్క అదేనండీ. రెండు వైపులా పనిచేస్తుంది." కాస్త ఆగి, "ఎప్పుడూ" అన్నాడు.

అంటే నాలుగు నెలల దొంగచూపులూ ఇతనికి తెలుసు. జోస్నా చెవులు వేడెక్కాయి. ఆమె కంగారు చూసి అతనికి నవ్వొచ్చింది. కళ్ళతో సహా నవ్వాడు. ఆమె వేలు దానంతటదే నొక్కేసింది.

ఫోటో ఎంత బాగా వచ్చిందంటే, ప్రింట్లు ఇచ్చి ఇంటికి వెళ్ళాక జోస్నా అన్నం ముట్టలేదు. "ఏమైందే, పానం బాగలేదా?" అని తల్లి సాయమ్మ నుదురు పట్టుకు చూసింది. జ్వరం లేదు.

పది రోజులు ఆమె ఆ కొట్టు వైపు వెళ్ళలేదు. పదకొండో రోజు జోగారావే ఫోన్ చేశాడు. "ఒకసారి రామ్మా" అన్నాడు. గొంతులో ఎప్పటి ఆప్యాయత లేదు.

కొట్టులో ముగ్గురూ ఉన్నారు. ప్రసన్నకుమార్ తేలు కుట్టిన దొంగలా గాజు బల్ల దగ్గర నిలబడ్డాడు. జోగారావు ఫోటో తీసి గల్లాపెట్టె మీద పెట్టాడు.

"ఇందులో మావాడి పుట్టుమచ్చ ఎటుందో చూసి చెప్పు."

జోస్నా చూసింది. ఎడమ చెంప మీద ఉంది.

"ఆ రాజమండ్రి పిల్ల తాతగారు పుట్టుమచ్చల శాస్త్రం చూస్తాడు. మగవాడికి ఎడమ చెంప మీద మచ్చ ఉంటే నిలకడ ఉండదన్నాడు. అయ్యా, మావాడికి కుడివైపండీ అన్నాను. ఫోటోలో ఒకటి, నోటితో ఒకటి చెప్పేవాళ్ళతో మాకు సంబంధం వద్దన్నాడు. ముప్పై ఏళ్ళు వ్యాపారం చేశాను, నన్ను అబద్ధాలకోరని ఎవడూ అనలేదు. ఇంత పనితనమున్న దానివి, ఇలా ఎలా చేశావమ్మా?"

ప్రింటు వేసినవాడి తప్పు అనొచ్చు. కంప్యూటర్ తిప్పేసింది అన్నా నమ్ముతారు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అంచులు నూరించి కాగితంలో చుట్టి ఇచ్చిన పెద్దమనిషి ముందు అబద్ధం రాలేదు.

"తప్పు నాదే అంకుల్. అద్దంల కుడి ఎడమైతది గద, అందుకే అట్ల తీసిన ఫోటో ఏదైనా నేను మళ్ల తిప్పుత. అలవాటే. గీ ఫోటో ఎన్నిసార్లు చూసినా తిప్పాలనిపించలే. మంచిగనే ఉందనిపించింది."

"మచ్చ అటు నుంచి ఇటొస్తే మంచిగా ఎలా ఉంటుంది?"

"నాలుగు నెలల సంది ఆయన్ను నేను ఎదురుంగ చూసింది తక్కువ అంకుల్. గీ అద్దాలల్లనే చూసిన. నాకు ఆయన మొహం గట్లనే తెలుసు."

అనేశాక గానీ ఏమన్నదో ఆమెకు తెలియలేదు. టిఫిన్ క్యారియర్ విప్పుతున్న అమ్మాజీ చేతిలోని మూత చేతిలోనే ఉంది. జోస్నా నేల చూపులు చూస్తూ నిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ చెప్పినందుకు బాధ లేదు.

"నాన్నా, ఆమె పొరపాటు పడింది. నేను పడలేదు" అన్నాడు ప్రసన్నకుమార్.

"అంటే?"

"ఫోటోలో నా చొక్కా గుండీలు ఆడవాళ్ళ చొక్కాకున్నట్టు ఉన్నాయి. కవరు విప్పగానే చూశాను. తాతగారికి మచ్చల పిచ్చి అని మీరు ముందే చెప్పారు. అన్నీ తెలిసే పంపించాను."

"ఎందుకురా?"

"అందులో నేను ఎవర్ని చూసి నవ్వుతున్నానో నాకు తెలుసు కదా. అది పట్టుకుని ఇంకో అమ్మాయిని ఎలా చూడమంటారు?" గాజు బల్ల వదిలి ముందుకొచ్చాడు. "మీకు చెప్పే ధైర్యం లేక అలా చేశాను, తప్పే. పొద్దున్నే ఆ తాతగారికి ఫోన్ చేసి ఒప్పేసుకున్నాను. మా నాన్న చెప్పిందే నిజమండీ, మోసం నాది అన్నాను."

"ఏమన్నాడు?"

"పావుగంట తిట్టారు. తిట్టి, అమ్మాయి ఎవరని అడిగారు."

అమ్మాజీకి నవ్వు ఆగలేదు. జోగారావు మాత్రం నవ్వలేదు. గల్లాపెట్టె వెనక కుర్చీలో కూలబడి, చుట్టూ గోడలు చూశాడు.

"ఈ కొట్టులో యాభై అద్దాలున్నాయి. నేను కూర్చునేది వీటి మధ్యనే. మీరిద్దరే చూసుకుంటున్నారు, ఇంకెవరికీ కనబడదు అనుకున్నార్రా?" అన్నాడు. "చూశాను. పోతుందిలే, సంబంధం కుదిరితే సర్దుకుంటాడులే అనుకున్నాను. మనవాళ్ళేమంటారో, ఈ అమ్మాయి వాళ్ళ చర్చివాళ్ళేమంటారో అని నాకు నిద్ర పట్టడం లేదు."

"వీడు ఫోటోలో నవ్వడం పుట్టి బుద్ధెరిగాక నేను చూడలేదండీ" అంది అమ్మాజీ, ఫోటో చేతిలోకి తీసుకుంటూ. "అనేవాళ్ళు నాలుగు రోజులు అంటారు. ఇంట్లో మూతి ముడుచుకుని తిరిగేవాడిని జన్మంతా నేను చూడలేను." జోస్నా వైపు తిరిగింది. "మీ అమ్మగారు ఆదివారం ఇంట్లో ఉంటారా?"

"పొద్దుగాల చర్చికి పోతది ఆంటీ. పన్నెండు దాటినంక ఉంటది. మీర్‌పేట్‌ల."

జోగారావు గోడనున్న క్యాలెండరు దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు సవరించుకున్నాడు. ప్రసన్నకుమార్ జోస్నాను చూశాడు, ఈసారి ఎదురుగానే.

"నాలుగున్నరకి రాహుకాలం వచ్చేస్తుంది. ఈలోపే మాట్లాడుకోవాలి" అన్నాడు జోగారావు ఇటు తిరగకుండానే. "ఇంకోటి. ఇలాంటి పనికి ముగ్గురం బయల్దేరకూడదు. చర్చి అవగానే నువ్వు ఇటొచ్చెయ్యమ్మా, నలుగురం కలిసి వెళ్దాం."

"మా ఇంటికి నేనే చుట్టం లెక్క రావాల్నా అంకుల్?"

"రావాలి" అన్నాడు జోగారావు. "మా వైపు మనిషిగా."