తిరిగొస్తానని ముద్ర

మలేషియాలోని పెనాంగ్‌లో హోటల్ గది. బాస్ ముల్లిన్స్ కిటికీ తెర లాగి, కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

“మనతో పనిచేసిన వెస్నాయే మనల్ని అమ్మేసింది, ప్రౌట్. థాయిలాండ్‌లో మనకు రహస్యంగా పనిచేసే తొమ్మిది మంది పేర్లు ఆవిడ చేతిలో ఉన్నాయి. రేపు మధ్యాహ్నం పన్నెండుకి అవతలి ముఠా మనిషికి ఇస్తుంది. ఇస్తే ఆ తొమ్మిది మందీ రాత్రికి బతకరు.”

“ఎక్కడ?”

“చియాంగ్ మాయ్. నువ్వు ఆవిడకి చూపించిన చోటే. నీ ఇంటి ఓనరమ్మ ఛవీవన్ నూడుల్స్ కొట్టు. ఎప్పటిలా ఆకుపచ్చ స్కార్ఫ్‌తోనే వస్తుంది.”

ప్రౌట్ తల దించుకున్నాడు. వెస్నా నవ్వుకి కరిగిపోయి ఆ చోటు చూపించింది తనే.

“పింఛను ముసలాడిలాగే వెళ్లు. లాంగ్ స్టే వీసా ఉందిగా. ఫోన్ మాత్రం ముట్టుకోకు, నీ నంబర్ వాళ్లు వింటున్నారు.”

నలభై ఏళ్ల సర్వీసులో ఏడు దొంగ పాస్‌పోర్టులు. ఒక్కసారీ దొరకలేదు. ఈ ఎనిమిదోది అసలుది. అబద్ధమల్లా ఒకటే: రిటైరైన పోస్టాఫీసు గుమాస్తానని. ఆ అబద్ధంతోనే రెండేళ్లుగా ఛవీవన్ మేడ మీద గదిలో ఉంటున్నాడు.

మర్నాడు విమానం ఆలస్యమైంది. పూల చొక్కా, హవాయి చెప్పులు, చెవిలో వినికిడి మెషీన్ వేషంలో రేడియో. చియాంగ్ మాయ్‌లో ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గరికి చేరేసరికి పదకొండున్నర. ఆఫీసరమ్మాయి నవరత్ పేజీలు తిప్పింది. మళ్లీ తిప్పింది.

“రీ-ఎంట్రీ పర్మిట్ ఏదీ తాతా?”

“అంటే?”

వెనక నిలబడ్డ జర్మన్ ముసలాయన పగలబడి నవ్వాడు. “దేశం దాటే ముందు తిరిగొస్తానని ముద్ర వేయించుకోవాలయ్యా! లేకపోతే దాటగానే వీసా చచ్చినట్టే. ఈ ఊళ్లో కర్ర పట్టిన ప్రతి తెల్ల ముసలాడికీ తెలుసది.”

ప్రౌట్ చెవులు ఎర్రబడ్డాయి. దొంగ పాస్‌పోర్టులకు ముద్రలన్నీ ఆఫీసు వాళ్లే కొట్టిచ్చేవాళ్లు. అసలుదానికి ఎవరు కొడతారు? పెనాంగ్ బయల్దేరే రోజు ఛవీవన్ అడిగింది కూడా. తెలియదని చెప్పడానికి నామోషీ వేసి, వేయించుకున్నానని కోతలు కోశాడు.

నవరత్ అతన్ని పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టింది. “లాంగ్ స్టే వీసా రద్దయిపోయింది. టూరిస్టుగా పంపాలన్నా ఇంటి ఓనర్‌తో మాట్లాడాలి.”

పదకొండూ యాభై. ఇప్పుడు వదిలినా టాక్సీకి ఇరవై నిమిషాలు. నవరత్ ఫారంలో ఉన్న ఓనర్ నంబర్ తన ఫోన్‌లో కొట్టి, సంగతి చెప్పి స్పీకర్ పెట్టింది.

“ఏం పెద్దాయనా, ముద్ర లేదటగా?” ఛవీవన్ గొంతు. వెనక గిన్నెల చప్పుడు.

“తర్వాత తిట్టు. మూల బల్ల దగ్గర ఆకుపచ్చ స్కార్ఫ్ ఆవిడ ఉందా?”

“ఉంది. ఎవడి కోసమో ఎదురుచూస్తోంది. కొబ్బరిపాల పులుసు ముట్టలేదు.”

ప్రౌట్ నవరత్ వైపు చూడలేకపోయాడు. “నేను గుమాస్తాని కాదు. గూఢచారిని. ఆవిడ దగ్గర కవరుంది. అది చేతులు మారితే తొమ్మిది ప్రాణాలు పోతాయి. లోపలిది మేం వాడే రకం కాగితం, తడి తగిలితే కరిగిపోతుంది.”

అటువైపు గరిట ఆగింది.

“రెండేళ్లు నా చేతి కూడు తిని అబద్ధమాడావా?”

“ఆడాను.”

“నా కొట్టు కూడా వాడుకున్నావా?”

“వాడుకున్నాను.”

“సిగ్గనిపించలేదూ?”

“ఇప్పుడనిపిస్తోంది.”

ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు. చెప్పుల టపటప. గోడ గడియారం పన్నెండుకి ఒక్క నిమిషం. నవరత్ పెన్ను గాల్లోనే ఆగిపోయింది.

ఫోన్‌లో ఒక కుర్చీ పడింది. వెస్నా కేక. ఆ వెంటనే ఛవీవన్ గొంతు, చక్కెరపాకంలా: “అయ్యో, చెయ్యి జారిందమ్మా! ఉండండి, తుడుస్తాను! ఇటివ్వండి, అదీ తుడుస్తాను!”

ప్రౌట్ ఫోన్ మీదికి వంగాడు.

“అయింది,” అంది ఛవీవన్, ఆయాసపడుతూ. “కవరు ఆ వచ్చినవాడి చేతికి అందబోతుంటే గిన్నెడు పులుసూ కుమ్మరించా. కాగితం ఉప్పులా కరిగింది. ఇద్దరూ కొబ్బరిపాలు కార్చుకుంటూ పరిగెత్తారు.”

ప్రౌట్ ఆ ఫోన్‌కే చేతులు జోడించాడు.

నవరత్ ముద్ర తీసింది. “నేనేం వినలేదు తాతా. ముప్పై రోజులు ఇస్తున్నా. వృత్తి ఏమని రాయను?”

“రిటైర్డ్,” అన్నాడు ప్రౌట్ తలెత్తకుండా.

“రాయమ్మా, రాయి,” అంది ఫోన్‌లోంచి ఛవీవన్. “ఇదొక్కటి నిజమే. ఇవాళ పని చేసింది నేనేగా!”