గుడ్లగూబ మానేసిన సంచిక

ఎడిటరు గారు మెట్లెక్కి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. డెబ్భై ఏళ్ల మనిషి. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పిపోయి ఉన్నాయి. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"దొంగని మీరు పట్టుకోవాలి. పట్టుకోకపోతేనే బావుణ్ణని కూడా ఉంది," అన్నారు.

సర్వేయరమ్మ కళ్లజోడు సవరించుకుంది. బీమా కంపెనీ తరఫున కాలిపోయిన గోదాములూ మునిగిపోయిన దుకాణాలూ చూసీ చూసీ, చివరికి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన మనిషి. వృత్తి మారినా ఆ పిలుపు మాత్రం వదల్లేదు.

"ముందు పోయిందేమిటో చెప్పండి."

"పత్రిక. 'పన్నెండు ముఖాలు' ముప్పై ఏడో సంచిక."

పక్కన రాసుకుంటున్న అసిస్టెంటు పెన్సిలు ఆగిపోయింది. ఆ పేరు విని ముప్పై ఏళ్లయింది. నలుగురు బల్ల చుట్టూ చేరి, ఒకరు కథ చెబుతుంటే మిగతావాళ్లు అందులో దొంగలో మంత్రగత్తెలో అయిపోయే ఆటలుండేవి అప్పట్లో. "నేను గోడ దూకుతా" అని మనం అంటే, దూకామో కాలు విరిగిందో పాచిక తేల్చేది. ఆ ఆటల పిచ్చివాళ్ల కోసమే నెలనెలా వచ్చిన పత్రిక అది. పోస్టుమాను సైకిలు వినపడితే అన్నం కంచం దగ్గర్నుంచి లేచి పరిగెత్తేవాడు అసిస్టెంటు. మధ్య పేజీలో గళ్లగళ్ల పటం, ఇంకా ఆరని సిరా వాసన. ఒకసారి అతని ఉత్తరం నాలుగు లైన్లు వేశారు. ఆ నాలుగు లైన్లూ వీధి వీధంతా చదివి వినిపించాడు.

"అదొక్కటే మిగిలిన ప్రతి," అన్నారు ఎడిటరు గారు. "మిగతావి ప్రెస్సు కప్పు కారి ముద్దయిపోయాయి. రేపు పొద్దున లైబ్రరీ వాళ్లొచ్చి నలభై ఒక్క సంచికలూ పట్టుకెళ్తారు. ఫొటోలు తీసి అందరూ చదివేలా పెడతారట. నిన్న పొద్దున ఉంది, ఇవాళ లేదు."

"ఎవరి మీద అనుమానం?"

ఆయన గొంతు తగ్గింది. "పత్రికకి బొమ్మలేసిన మా బొమ్మలాయన మీద. నలభై ఏళ్ల స్నేహం. ఆ సంచిక ఇవ్వద్దని నిన్ననే నాతో పోట్లాడాడు. దొరికితే స్నేహితుణ్ణి పోగొట్టుకుంటాను, దొరక్కపోతే పత్రికని."

ఎడిటరు గారి ముందుగదిలో అద్దాల బీరువా ఉంది. తాళం చెక్కుచెదరలేదు. తాళంచెవి తలుపు వెనక మేకుకే వేలాడుతోంది. ఏ ఏటి సంచికలు ఆ ఏటికి కట్టగట్టి, నూలుతాడుతో ముడివేసి ఉన్నాయి. సర్వేయరమ్మ ముప్పై ఆరూ ముప్పై ఏడూ ఉండాల్సిన నాలుగో కట్ట చేతిలోకి తీసుకుంది. మిగతా కట్టల తాళ్లు వదులుగా ఉన్నాయి. దీని తాడు మాత్రం బిగువుగా, చిన్న చదును ముడితో ఉంది.

"ఇది మీ ముడేనా?"

"కాదు. నేను బూట్ల తాళ్లలా కడతాను," అన్నారాయన.

అసిస్టెంటు ఆత్రం ఆపుకోలేక కట్ట విప్పాడు. అట్ట మీద ముప్పై ఆరని ఉన్నది ఒక్కటే కనిపించింది, లోపల చూస్తే అసలు ముప్పై ఆరే. "మేడమ్, అట్టల మీద ఒక తమాషా ఉండేది. ముప్పై ఏడుకి కూడా పొరపాటున ముప్పై ఆరనే అచ్చేశారు. మా వీధిలో దాని మీద పెద్ద గొడవయింది."

"దాని గురించి నలభై ఉత్తరాలొచ్చాయి," అన్నారు ఎడిటరు గారు, నొచ్చుకుంటూనే మురిసిపోతూ.

ఆ ఇంటికి రెండు రోజుల్లో వచ్చింది ఇద్దరే. ఒకరు బొమ్మలాయన. రెండో ఆయన పాత పత్రికలు పోగుచేసే కలెక్టరు. నిన్న తనకి కావలసిన సంచికల జాబితా పట్టుకొచ్చి, ఎడిటరు గారు ఫోను మాట్లాడుతున్నంతసేపూ ముందుగదిలో ఒంటరిగా కూర్చున్నాడు. ఇక ఇంట్లో ఉండేది ఎడిటరు గారి అక్క. టెలిఫోను ఆఫీసులో ముప్పై ఏళ్లు రాత్రి డ్యూటీ ఆపరేటరుగా చేసి రిటైరయిన ఆవిడ.

బొమ్మలాయన వరండాలో దొరికాడు. టీ కప్పు పట్టుకుంటే సాసరులోకి సగం ఒలికింది.

"చెయ్యి మాట వినడం మానేసి ఐదేళ్లయింది," అన్నాడు నవ్వి. "అవునండీ, ఇవ్వద్దన్నాను. అందులో గుడ్లగూబని వెక్కిరిస్తూ మా ఎడిటరు సంపాదకీయం రాశాడు. దానికి బొమ్మ నేనే వేశాను. కళ్లజోడు జారిపోయి కునికిపాట్లు పడే గుడ్లగూబ. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది."

"గుడ్లగూబ ఎవరు?"

అసిస్టెంటు అందుకున్నాడు. "కలం పేరు మేడమ్. 'మునిగిన కోట' అనే ఆట కథ ఆయనదే! అలాంటిది మళ్లీ ఎవరూ రాయలేదు."

"ఎవరో మాకూ తెలీదు," అన్నాడు బొమ్మలాయన. "టపా నేనే విప్పేవాణ్ణి. అన్నీ విడివిడి అక్షరాలు, ఎవరి దస్తూరీయో పోల్చుకోలేనట్టు. కాగితాల వెనక ఏవో డ్యూటీ పట్టికల గళ్లు ఉండేవి. నేను కంపోజింగుకిచ్చేస్తే వీడు ప్రూఫే చూసేవాడు. ఆ వెక్కిరింత తర్వాత ఒక్క ముక్క రాలేదు. నాలుగు సంచికలు ఈడ్చి పత్రికే మూసేశాం."

అక్కగారు వంటింట్లో చిక్కుళ్లు ఈనెలు తీస్తున్నారు. "ఆ పుస్తకాల జోలికి నేనెప్పుడూ పోలేదమ్మా. వాడి లోకం వాడిది," అన్నారు.

అసిస్టెంటు గడపకి ఆనుకుని, ఎవరితోనో కాక తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. "నాలుగో గుమ్మం దగ్గర ఆపేశారండీ కోట కథని. ఆటలో మేం నలుగురం ఆ తలుపు లాగీ లాగీ చచ్చాం. వచ్చే సంచికలో చెబుతారని ఎదురుచూశాం. రాలేదు."

"లాగితే ఎలా వస్తుంది నాయనా? లోపలికి నెట్టాలి," అన్నారావిడ, చిక్కుళ్ల మీంచి కళ్లెత్తకుండానే. తర్వాత ఆవిడ చెయ్యి ఆగింది. "ఏదో, తలుపన్నాక అంతేగా."

అసిస్టెంటు నవ్వేసి ఊరుకున్నాడు. సర్వేయరమ్మ నవ్వలేదు.

సాయంత్రం ఐదింటికి అందరూ ముందుగదిలో చేరారు. కలెక్టరుని కూడా కబురుపెట్టి పిలిపించారు. అతను కూర్చుంటూనే, "నా సంచీ వెతుక్కోండి," అన్నాడు.

"అక్కర్లేదు," అంది సర్వేయరమ్మ. "మీ జాబితాలో ముప్పై ఏడని ఉంది. ఈ బీరువాలో అట్ట మీద ముప్పై ఏడని ఉన్న సంచికే లేదు. ఒకేలాంటి రెండు ముప్పై ఆరుల్లోంచి ఒకటే పోయింది, అదీ వెక్కిరింత ఉన్నది. లోపల ఏముందో తెలిసినవాళ్లే తీశారు."

ఎడిటరు గారు బొమ్మలాయన వైపు చూసి, చూపు తిప్పుకున్నారు.

"ఆయన కూడా కాదు. టీ కప్పు నిలవని చేతులతో అంత చిన్న ముడి పడదు. ఇక మిగిలింది ఒక్కరు. నాలుగో గుమ్మం ఎలా తెరుచుకుంటుందో ఏ సంచికలోనూ అచ్చు కాలేదు. మా అసిస్టెంటు ముప్పై ఏళ్లుగా దానికోసమే అల్లాడుతున్నాడు. ఆ తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలిసేది దాన్ని పెట్టిన మనిషికే. ఆ మనిషి డ్యూటీ కాగితాల వెనక రాసేది. రాత్రి డ్యూటీ టెలిఫోను ఆపరేటరు తనకు గుడ్లగూబని పేరు పెట్టుకోవడంలో వింతేముంది?"

అక్కగారు లేచి లోపలికి వెళ్లి, కుట్టుమిషను సొరుగులోంచి సంచిక తెచ్చి తమ్ముడి ఒళ్లో పెట్టారు.

"నువ్వా?" అన్నారు ఎడిటరు గారు. "నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే వేసేవాడివే. అక్క రాసిందని వేసేవాడివి. బావుందని వెయ్యాలని నా ఆశ."

ఆయన పేజీ తిప్పారు. తన మాటలే తనకి కనిపించాయి. 'గడప దాటని ఈ గుడ్లగూబ కోటలు కట్టడం మాని కునుకు తీస్తే మేలు.' రెండోసారి చదవలేకపోయారు.

"దాచింది నాకోసం కాదురా," అన్నారు అక్కగారు. "రేపు ఎవరెవరో చదువుతారు. నలభై సంచికల కష్టం చూడరు, ఈ ఒక్క పేజీ పట్టుకుని, ఎంత పొగరుబోతో అంటారు. అంతకన్నా పెద్ద మనిషివి నువ్వు. నాకు తెలుసు."

బొమ్మలాయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఎడిటరు గారు ఆయన దగ్గరికి వెళ్లి, "నిన్ను అనుమానించాను," అన్నారు. "అనుమానిస్తావని తెలుసు. అయినా వచ్చాను కదా," అన్నాడాయన.

"ఇది ఇలాగే వెళ్తుంది," అన్నారు ఎడిటరు గారు చివరికి. "చింపేది లేదు, దాచేది లేదు. కాకపోతే దీనికి సవరణ బాకీ ఉంది." బల్ల ముందు కూర్చుని ఒక చీటీ రాసి అక్క చేతికిచ్చారు. "ప్రూఫ్ చూడు."

అసిస్టెంటు ఆవిడ భుజం మీంచి తొంగి చూశాడు. 'ఈ పత్రికలో గుడ్లగూబ పేరుతో వచ్చినవన్నీ మా అక్క రాసినవి. పత్రిక బతికింది వాటివల్లే. ముప్పై ఏడో సంచికలో ఎడిటరు రాసింది క్షమించరాని తప్పు.'

ఆవిడ అతని చెవి సందులోని పెన్సిలు అడిగి తీసుకున్నారు. చీటీ మొదటినుంచీ మెల్లగా చదివారు. చివరి లైను దగ్గర ఆగారు.

"ఒక మాట ఎక్కువైందిరా," అని, 'క్షమించరాని' మీద అడ్డంగా గీత గీశారు. "ఇప్పుడు వేసుకో."