గేటుకి ఇవతల అమ్మ

పిచ్చుకకి జడ వేయడానికి ఆ పొద్దున కూడా టీచరమ్మకి పావుగంట పట్టింది. మూడు వారాలుగా ఇదే తంతు. కూతురి కుడి మణికట్టుకి పిండికట్టు ఉంది కాబట్టి దువ్వెన తల్లి చేతికి వచ్చింది. లేకపోతే ఎనిమిదో ఏటి నుంచీ ఆ పిల్ల జడ ఆ పిల్లే వేసుకుంటోంది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. అలవాటు తప్పిన చేతికి పాయలు కుదరడం లేదు. పైగా లెక్కల టీచరు కదా, మూడు పాయలూ సమానంగా వచ్చేదాకా విప్పి మళ్ళీ అల్లాల్సిందే.

"అమ్మాయ్, అది జడ. భిన్నాల లెక్క కాదు. కాస్త అటూ ఇటూ అయితే కొంపలేం మునిగిపోవు," అంది నాయనమ్మ, బిస్కెట్టు టీలో ముంచుకుంటూ.

"వంకరగా ఉంటే బాగుండదు అత్తయ్యా."

"బాగుందో లేదో పిల్లని అడుగు. ఏమే పిచ్చుకా?"

పిచ్చుక భుజాలు ఎగరేసి ఊరుకుంది. ఆ పేరు పెట్టింది నాయనమ్మే. చిన్నప్పుడు ఆ పిల్ల నోరు మూతపడేది కాదు. నిద్రలో కూడా ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. ఇప్పుడు రోజు మొత్తం మీద మాట్లాడే మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పెద్దదవుతోంది కదా, ఆ వయసులో అంతేలే అని ఇంట్లో అందరూ సర్దిచెప్పుకున్నారు. పేరు మాత్రం పాతదే మిగిలిపోయింది.

పిచ్చుక తండ్రికి కళ్ళద్దాల షాపు ఉంది. లోకంలో అందరికీ చూపు సరిచేసే మనిషి, ఆ పొద్దున భార్య కళ్ళలోకి చూడకుండా షాపు తాళాలు తీసుకుని అరగంట ముందే వెళ్ళిపోయాడు. ఈయనకేమొచ్చిందో అనుకుంది గానీ టీచరమ్మకి అడిగే తీరిక లేదు. బడికి టైమైపోతోంది.

తల్లీ కూతుళ్ళిద్దరిదీ ఒకటే బడి. వీధి మలుపులో జిరాక్స్ షాపు దాకా పక్కపక్కనే నడుస్తారు. అక్కడ పిచ్చుక ఆగిపోతుంది. తల్లి ముందుకెళ్ళాక మనసులో పది లెక్కపెట్టుకుని అప్పుడు కదులుతుంది. గేటు దాటాక ఆవిడ అమ్మ కాదు, టీచరు. పిచ్చుక కూతురు కాదు, నలభై ఇద్దరిలో ఒకతె.

ఈ రూలు టీచరమ్మ పెట్టిందే. పిచ్చుక రెండో తరగతిలో ఉండగా పద్యాల పోటీలో మొదటి బహుమతి వచ్చింది. చప్పట్లు ఆగకముందే వెనక వరసలోంచి ఎవరో తల్లి, "రాక ఏం చేస్తుంది, టీచరమ్మ కూతురు కదా," అంది. ఆ మాట టీచరమ్మ చెవిన పడింది. నీతికి నిప్పులాంటి మనిషి, ఒళ్ళంతా కారం రాసుకున్నట్టు మండిపోయింది. ఇంటికొచ్చి ఏడేళ్ళ పిల్లని ఎదురుగా నిలబెట్టి చెప్పింది. "రేపటి నుంచి బళ్ళో నన్ను అమ్మా అనకూడదు. అందరిలాగే టీచర్ అనాలి. స్టాఫ్ రూముకి రావాలంటే అందరిలాగే తలుపు దగ్గర నిలబడి అడగాలి. తెలిసిందా?" పిల్ల తలూపింది. చెప్పింది చెప్పినట్టు చేసే పిల్ల అది. అదే వచ్చింది చిక్కు.

ఆ రోజు రెండో పీరియడ్‌లో బడి గుమాస్తా ఒక కాగితం పట్టుకుని స్టాఫ్ రూముకి వచ్చాడు. ఆయన ముఖం అదోలా ఉంది.

"టీసీ దరఖాస్తు మేడమ్. వచ్చే ఏడు వేరే బళ్ళో చేరతారట. తండ్రి గారి సంతకం ఉంది. క్లాస్ టీచరు సంతకం కూడా కావాలి." కాస్త ఆగి, "క్లాస్ టీచరు మీరే కదా," అన్నాడు.

ఎవరి పిల్లో చూద్దామని టీచరమ్మ కాగితం అందుకుంది. దరఖాస్తు తన కూతురిది. ఎడమ చేత్తో రాసిన అక్షరాలు ఒకదాని మీద ఒకటి తూలుతున్నాయి. చేరబోయే బడి ఎక్కడో కాదు, రెండు వీధుల అవతల. పరీక్షల ఫలితాల్లో ఈ బడి ముందు దిగదుడుపు. కారణం అన్న గడి ఖాళీగా ఉంది.

"సాయంత్రం ఇస్తాను," అంది కాగితం మడిచి సంచీలో పెట్టుకుంటూ.

నాలుగో పీరియడ్ తన క్లాసే. హాజరు పిలిచింది. ఇరవై మూడో నంబరు దగ్గర, "ప్రెజెంట్ టీచర్," అంది పిచ్చుక, మూడో బల్ల మీంచి. ఏమే, ఎందుకు వెళ్ళిపోతున్నావు, నేనేం చేశాను అని అక్కడే అడిగేయాలనిపించింది. అడగలేకపోయింది. బళ్ళో తను టీచరు. టీచరుకి ఆ ప్రశ్న అడిగే హక్కు లేదు. బోర్డు మీద లెక్క రాస్తూ రాస్తూ మధ్యలో ఏ మెట్టు దగ్గర ఉందో మరిచిపోయింది. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో అది మొదటిసారి.

మధ్యాహ్నం వరండా ఊడుస్తున్న ఆయా పలకరించింది. "పాప చెయ్యి ఎలా ఉందమ్మా? పాపం, ఆ రోజు మెట్ల మీంచి పడితే నేనే చన్నీళ్ళు పోశాను."

"మెట్ల మీంచా? మా వీధి మలుపులో కదా పడింది?"

"అయ్యో, కాదమ్మా. ఇక్కడే, ఆటల పీరియడ్‌లో. మా అమ్మకి చెబుతానని స్టాఫ్ రూము వైపు వెళ్ళింది కూడా. మీకు చెప్పలేదా?"

టీచరమ్మ ఆయాకి ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంది. గంట కొట్టేదాకా ఎలా గడిపిందో ఆవిడకే తెలియదు.

ఇంటికి వెళ్ళేసరికి పిచ్చుక బల్ల దగ్గర కూర్చుని ఎడమ చేత్తో పాలు తాగుతోంది. టీచరమ్మ సంచీ దించకుండానే కాగితం బల్ల మీద పెట్టింది.

"ఇదేమిటి?"

"టీసీ ఫారం అమ్మా."

"అది నాకూ తెలుసు. ఎవరు నేర్పారు నీకీ తెలివి?"

"ఎవరూ నేర్పలేదు," అన్నాడు తండ్రి గుమ్మంలోంచి. ఆ రోజు ఆయన షాపు తొందరగా కట్టేసి వచ్చాడు. "సంతకం పెట్టమంది. పెట్టాను."

"నాతో ఒక్క మాటైనా అనకుండానా?"

"అంటే నువ్వు బడి గురించి చెప్పడం మొదలెడతావు. నేను పిల్ల ముఖం చూసి పెట్టాను."

"బాగుంది! నా కూతురు నా బడి వదిలి ఆ బళ్ళో చేరితే నలుగురూ ఏమనుకుంటారు? సొంత పిల్లకే ఆవిడ చదువు పనికిరాలేదు అనుకోరూ?"

"అదుగో, మళ్ళీ ఆ నలుగురూ వచ్చారు," అంది నాయనమ్మ మంచం మీంచి. "ఏడేళ్ళ నుంచీ మనింట్లోనే తిష్ఠ వేశారు. ఒక్కరోజైనా ఒక్క గిన్నె తోమిన పాపాన పోలేదు."

నవ్వే పరిస్థితి కాదు. టీచరమ్మ కుర్చీలో కూలబడి కూతురి కట్టు వైపు చూసింది.

"చెయ్యి ఎక్కడ విరిగిందే?"

పిచ్చుక గ్లాసు కింద పెట్టింది.

"ఆయా చెప్పింది. బళ్ళో పడ్డావట. నాతో ఎందుకు చెప్పలేదు?"

"వచ్చానమ్మా," అంది పిచ్చుక మెల్లగా. "తలుపు దగ్గర నిలబడి, లోపలికి రావచ్చా టీచర్ అని అడిగాను. నువ్వు పేపర్లు దిద్దుతున్నావు. తలెత్తలేదు. బెల్లు కొట్టలేదుగా, క్లాసుకెళ్ళు అన్నావు. వెళ్ళిపోయాను."

టీచరమ్మకి గుర్తొచ్చింది. గుర్తు రాకపోయినా బాగుండేది. ఆ గొంతు ఎవరిదో ఆ రోజు కూడా తెలుసు. తెలుసు కాబట్టే తలెత్తలేదు. వేరే పిల్ల అయితే ఏమ్మా, ఏం కావాలి అని అడిగి ఉండేది.

"నొప్పిగా ఉందని ఒక్క మాట అనొచ్చు కదే!"

"టీచరుకి ఎలా చెప్పాలో తెలియలేదు. చెబుదామని నోరు తెరిస్తే ఏడుపొచ్చేలా ఉంది. బళ్ళో ఏడిస్తే, టీచరమ్మ కూతురు కదా, గారాలు అంటారు." పిచ్చుక లేచి వెళ్ళి సంచీలోంచి లెక్కల పుస్తకం తెచ్చి తల్లి ముందు తెరిచింది. "తర్వాత నీ పీరియడ్ కూడా అయింది."

ఆ రోజు తారీఖు ఉంది. అంకెలు పెన్సిలుతో, గీతలు దాటి, కిందికి జారిపోతూ ఉన్నాయి. ఎడమ చేత్తో రాసినవి. వాటి పక్కన ఎర్ర సిరాతో, గుండ్రటి అందమైన దస్తూరీతో తను రాసిన మాట ఉంది. 'కోడి కెలికినట్టుంది. మళ్ళీ రాయి.' ఆ కింద పిచ్చుక మళ్ళీ రాసింది. ఎముక చీలిన చేతిని బల్ల కింద దాచుకుని, మొత్తం లెక్క, మొదటి నుంచీ.

టీచరమ్మ ఆ పేజీ మీద అరచెయ్యి పెట్టింది. రెప్ప వేస్తే కళ్ళలో నీళ్ళు పుస్తకం మీద పడతాయని వెయ్యకుండా కూర్చుంది. ఎదుటివాళ్ళ తప్పయితే ఎర్ర గీత గీసి పక్కన పెట్టేది. ఇదెవరిది? దీన్ని దిద్దేదెలా?

"వీధి మలుపులో పడ్డానని ఎందుకు చెప్పావురా?"

"నిజం చెబితే నువ్వేడుస్తావని."

తండ్రి కిటికీ వైపు తిరిగాడు. నాయనమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"అందుకేనా వెళ్ళిపోతున్నావు? నా మీద కోపమా తల్లీ?"

"కోపం కాదమ్మా. నా ఫ్రెండ్స్ సాయంత్రం ఇంటికెళ్ళి వాళ్ళ అమ్మలకి బడి గురించి చెప్పుకుంటారు. ఏ టీచరు తిట్టిందో, ఎవరు ఏమన్నారో, అన్నీ. ఎవరైనా గట్టిగా తిడితే వాళ్ళమ్మలు వాళ్ళ వైపు మాట్లాడతారు." పిచ్చుక తల్లి వైపు చూసింది. "నన్ను తిట్టిన టీచరువి నువ్వే. నేనెవరికి చెప్పుకోను? ఆ బళ్ళో వేరే టీచర్లుంటారు. ఇంటికొస్తే నువ్వు ఉత్త అమ్మవే ఉంటావు."

ఏడేళ్ళలో ఆ పిల్ల ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం అదే. టీచరమ్మ కూతుర్ని కట్టుతో సహా ఒళ్ళోకి లాక్కుంది. బిడ్డ బరువు చాలా పెరిగిందని అప్పుడు తెలిసింది.

"వద్దమ్మా, వెళ్ళకు. రేపటి నుంచి ఆ రూలు లేదు. తీసేశాను. అందరి ముందూ అమ్మా అని పిలు. ఎవరేమనుకుంటే నాకేం?"

పిచ్చుక సరేనంది. ఎప్పుడూ సరేననే పిల్ల కదా.

మర్నాడు జిరాక్స్ షాపు దగ్గర టీచరమ్మ కూతురి ఎడమ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ కలిసే గేటు దాటారు. రెండో పీరియడ్‌లో పిచ్చుక హాజరు పట్టీ తీసుకుని స్టాఫ్ రూము తలుపు దగ్గరికి వచ్చింది. టీచరమ్మ చేతిలో పెన్ను కింద పెట్టేసి తలెత్తి నవ్వింది. "రామ్మా." పిచ్చుక పెదవులు కదిలాయి. రెండుసార్లు కదిలాయి. పిల్ల ముఖం ఎర్రబడింది, నుదుటి మీద చెమట పట్టింది. చివరికి వచ్చిన మాట, "లోపలికి రావచ్చా టీచర్?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పిచ్చుక కళ్ళలో క్షమించమన్నట్టు ఒక చూపు. రూలు తీసేయడం టీచరమ్మ చేతిలో ఉంది. ఏడేళ్ళ పాటు తను నేర్పిన పాఠాన్ని ఆ పిల్ల నోట్లోంచి తీసేయడం ఆవిడ చేతిలో లేదు. తనెంత మంచి టీచరో ఆ రోజు ఆవిడకే అర్థమైంది. లేచి తనే గుమ్మం దాకా వెళ్ళింది. పట్టీ అందుకుని కూతురి జడలో ఊడిన పాయని చెవి వెనక్కి సర్దింది.

"పర్వాలేదులే," అంది.

ఆ మధ్యాహ్నం దరఖాస్తు మీద సంతకం పెట్టింది. కారణం అన్న గడి ఖాళీగా ఉంటే గుమాస్తా ఒప్పుకోనన్నాడు. టీచరమ్మ చాలాసేపు ఆలోచించి, 'కుటుంబ కారణం' అని రాసింది.

సెలవులయ్యాక జిరాక్స్ షాపు దగ్గర దారులు వేరయ్యాయి. పిచ్చుక కుడివైపు తిరిగింది. కట్టు విప్పేశారు, జడ మళ్ళీ తనే వేసుకుంటోంది. టీచరమ్మ గేటు వైపు పది అడుగులు వేసి, అలవాటుగా వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. నాలుగో పీరియడ్‌లో ఇరవై మూడో నంబరు పిలిస్తే వేరే పిల్ల పలికింది.

మొదటి రోజు పిచ్చుక ఏం మాట్లాడలేదు. రెండో రోజూ అంతే. ఇక ఏమీ చెప్పదేమో, చెప్పుకునే అలవాటే పోయి ఉంటుంది అనుకుంటూ టీచరమ్మ రోజూ సాయంత్రం పేపర్లు బళ్ళోనే వదిలేసి తొందరగా ఇంటికొచ్చి, పనేమీ లేకుండా బల్ల దగ్గర కూర్చునేది. నాయనమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది. తొమ్మిదో రోజు పిచ్చుక సంచీ విసిరికొట్టి ఎదురుగా కూర్చుంది.

"ఆ లెక్కల టీచరుంది చూడూ!"

"ఊఁ?"

"రాక్షసి! అడ్డగీత స్కేలుతో గియ్యలేదని పేజీ మొత్తం కొట్టేసింది. అసలు మనిషేనా? లెక్క కరెక్టే! అయినా మళ్ళీ రాయమంది. నేనేం తప్పు చేశానని?"

అడ్డగీత స్కేలుతోనే గియ్యాలి. అది టీచరమ్మ కూడా ఇరవై ఏళ్ళుగా చెబుతున్న మాటే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ దాన్ని మింగేసింది. ఆ కొత్త టీచర్ని ఏమైనా చేయడం ఆవిడ వల్ల కాదు. వెళ్ళి అడగలేదు, దిద్దలేదు. తను దిద్దిన పేజీలనూ ఇక చెరపలేదు. చేయగలిగింది ఒక్కటే మిగిలింది.

"అయ్యో," అంది గొంతు వణకకుండా జాగ్రత్తపడుతూ. "అంత చిన్నదానికి పేజీ కొట్టేసిందా? ఎంత బాధేసిందో నా తల్లికి. తర్వాత ఏమైంది?"

పిచ్చుక తల్లి ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"తర్వాతా? చెబుతా విను. అమ్మా, నువ్వు ఏడవకుండా విను..."