సముద్రానికి కట్టిన నిమ్మకాయ

మాధురి మొదటిసారి చూసినప్పుడు నాగేంద్రబాబు పెద్దకాలువలో మందు పంపు కడుగుతున్నాడు. నాగేంద్రబాబు మొదటిసారి చూసినప్పుడు మాధురి ఆ కాలువ నీళ్లే సీసాలో పట్టుకుంటోంది. ప్రేమకథ మొదలవడానికి ఇంతకన్నా చెడ్డ ముహూర్తం పంచాంగమంతా తిరగేసినా దొరకదు.

“ఆ నీళ్లు ఎందుకండీ మీకు?” అన్నాడతను, పంపు వీపుకి తగిలించుకుంటూ.

“మీరు కలిపిందేమిటో చూద్దామని.”

“మీది ఏ డిపార్ట్‌మెంటు?”

“మీరు కొట్టింది ఏ కంపెనీ మందు?”

ఆమె సీసాకి మూత బిగించి మోపెడ్ ఎక్కి వెళ్లిపోయింది. మోపెడ్ వెనక పైపులతో చేసిన నలుచదరపు చట్రం ఒకటి కట్టి ఉంది. దానికి అడ్డంగా నిలువుగా తాళ్లు బిగించి ఉండటంతో, సగం అల్లి వదిలేసిన పిల్లల నవారు మంచంలా కనబడింది. అలాంటి వస్తువు ఏ సర్వేవాడి దగ్గరా చూసి ఉండకపోవడం వల్ల నాగేంద్రబాబు అనుమానం రెట్టింపయింది.

అతని అనుమానానికి కారణం లేకపోలేదు. కిందటేడు, అంటే రెండువేల ఒకటిలో, పెద్దకాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర చేపలు చచ్చి తేలాయి. మిరప రైతులు కొట్టే మందులే కారణమని పాలెం జాలర్లు అన్నారు. కాదని రైతులు అన్నారు. కాలువకి అడ్డుకట్ట వేయించేదాకా ఊరుకోమని పాలెం పెద్దలు చెప్పిపోయారు. అడ్డుకట్ట పడితే వానాకాలం నీళ్లు చేలోనే నిలిచి మిరప వేళ్లు కుళ్లుతాయి. నాగేంద్రబాబుకి ఉన్నదల్లా ఆ చేనే. అందుకని సీసాతో కనబడినవాళ్లందరూ అతని కంటికి కేసు పెట్టడానికి వచ్చినవాళ్లే.

ఆ సాయంత్రం మేనత్త రాజ్యమ్మ ఇంటికి వెళ్తే, వసారాలో అదే చట్రం గోడకి ఆనించి ఉంది. పక్కన అదే మనిషి, అత్త పోసిన పెసరట్టు తింటోంది.

రాజ్యమ్మ పరిచయం చేసింది. తాడేపల్లి అమ్మాయి, యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది, ముందుగది అద్దెకి తీసుకుంది. మొగ దగ్గర లోతులేని నీళ్లలో, అడుగున ఎంత నాచు పెరుగుతోందో, ఆ నాచులో ఏయే చేపపిల్లలు దాక్కుంటున్నాయో లెక్క తీస్తుందట. చట్రాన్ని అడుగున పెట్టి, అందులో కనబడిందల్లా లెక్కలోకి ఎక్కించడమే పని.

“నాచు ఏరడానికి కూడా జీతాలిస్తున్నారా అత్తా?” అన్నాడు నాగేంద్రబాబు, ఆమె వైపు చూడకుండా.

“మిరపకాయల్లో తాలు ఏరితే మీరు కూలి ఇవ్వరా?” అంది మాధురి, అట్టు తుంచుకుంటూ.

అతను నమ్మలేదు. నమ్మకపోయినా మర్నాటి నుంచి రోజూ సాయంత్రం అత్త ఇంటికి రావడం మొదలుపెట్టాడు. ఆ పిల్లని కనిపెట్టి ఉండాలి కదా అని తనకి తాను చెప్పుకున్నాడు. రాజ్యమ్మకి వచ్చిన అనుమానం వేరు. ఆవిడ ఏమీ అనకుండా ఎసట్లో ఇంకో గుప్పెడు బియ్యం ఎక్కువ పోయసాగింది.

మాధురి కాలువ మూతి నుంచి సముద్రం లోపలికి వరసగా వెదురు కర్రలు పాతి, పసుపు గుడ్డలు కట్టింది. ప్రతిసారీ సరిగ్గా అవే చోట్ల చట్రం పెట్టాలి. ఒక ఉదయం వెళ్లేసరికి సగం కర్రలు లేవు. మళ్లీ పాతింది, మళ్లీ పోయాయి. పోటు లాగేసి ఉంటుందన్నాడు పడవ నడిపే జక్రయ్య. మాధురి మాత్రం ఎవరో పీకేస్తున్నారనే అనుకుంది. ఆ ఎవరోకి మనసులో పేరు కూడా పెట్టుకుంది.

ఆ సాయంత్రం వసారాలో, అతను వినేలాగే, “నా పని మీద ఎవరి కళ్లు పడ్డాయో పిన్నిగారూ” అంది. పొడవడానికే అంది. నాగేంద్రబాబు కంచంలోంచి తల ఎత్తకుండా తిని వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే నిమ్మకాయలు ప్రత్యక్షమయ్యాయి.

కొత్తగా పాతిన కర్రలు ఈసారి కదల్లేదు. కానీ ప్రతి కర్రకీ ఆకుపచ్చ నైలాను దారంతో ఒక నిమ్మకాయ వేలాడుతూ నీళ్లలో అటూ ఇటూ తేలుతోంది. కాయ మధ్యలోంచి దబ్బనం దించిన రంధ్రం ఉంది. దారానికి ఎర్రటివేవో పేలికలు అంటుకుని ఉన్నాయి. జక్రయ్య గడ వెయ్యడం ఆపేసి, ‘ప్రభువా’ అని గొణుక్కున్నాడు.

“నేను ఇట్టాంటివి నమ్మనమ్మా, ప్రార్థన చేసుకునేవాణ్ణి. కానీ పడవ నా ఒక్కడిదే కాదు, మా ఆడమనిషిది కూడా. అది నమ్ముద్ది” అని పడవ వెనక్కి తిప్పాడు.

మర్నాడు అతను రాలేదు. చేతబడి చేసిన నీళ్లలోకి పాలెంలో ఇంకెవరూ రామన్నారు. మాఘ అమావాస్య దగ్గర పడుతోంది. ఆ పూట నీళ్లు బాగా వెనక్కి తీసి, చివరి కర్ర దాకా అడుగు కనబడుతుంది. తర్వాత ఎండలు ముదిరి నాచు కుళ్లిపోతుంది. అమావాస్య తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. మాధురి ఆగినా ఆమె స్కాలర్‌షిప్ ఆగదు, పరిశోధన అక్కడితో సరి.

ఆమెకి ముందు ఏడుపొచ్చింది, తర్వాత కోపం వచ్చింది. వాకిట్లో ఆగిన నాగేంద్రబాబు మోటార్ సైకిల్ వైపు ఊరికే చూసింది. వెనక చక్రం ఊచల్లో నాచుపోగు ఒకటి చిక్కుకుని ఉంది. మొగ దగ్గర తప్ప ఈ చుట్టుపక్కల ఎక్కడా పెరగని రకం.

“మీరు సముద్రం వైపు వెళ్తుంటారా?” అని అడిగింది.

“నాకు నీళ్లంటే భయమండీ. అటు వెళ్లి ఎన్నేళ్లయిందో” అన్నాడు.

అబద్ధం చెప్పడం అతనికి బొత్తిగా చేతకాదు. చెవులు పండుమిరపకాయలయ్యాయి. మాధురి ఇంకేమీ అడగలేదు, దొంగ దొరికాడనుకుంది. దొరికినందుకు సంతోషం కలగాలి కదా, మనసెందుకు ఇంత చివుక్కుమంది అని రాత్రంతా తన మీద తనే విసుక్కుంది.

అమావాస్య ముందురోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. నాగేంద్రబాబు కళ్లంలో మొదటి కోత మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. తడిస్తే తాలైపోతాయి. రాజ్యమ్మ పరదా పట్టలు చంకన పెట్టుకుని పరుగెత్తింది. కోపం కోపమే అయినా మాధురి కూడా వెనకే పరుగెత్తింది. కాయలు కుప్ప చేసి, పట్టలు కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టేసరికి వాన దంచేసింది. అందరూ పాకలోకి దూరారు.

మాధురి అరచేతులు భగ్గుమంటున్నాయి. ముఖం మీద నీళ్లు తుడుచుకోబోతే నాగేంద్రబాబు గబుక్కున మణికట్టు పట్టుకున్నాడు.

“కళ్లు ముట్టుకోకండి” అన్నాడు. అని, చెయ్యి వదలడం మర్చిపోయాడు.

ఆమె విదిలించుకోబోయి, అతని భుజం మీదుగా పాక గుంజని చూసింది. గుంజకి ఆకుపచ్చ నైలాను దారం కట్టి ఉంది. దారానికి ఒక నిమ్మకాయ, దాని కింద గుత్తుగా పండుమిరపకాయలు.

“ఆ దారం ఎక్కడిది?”

“గోతాలు కుట్టేదండి.”

“నా కర్రలకి చేతబడి చేసింది కూడా దీంతోనేనా?”

“చేతబడేంటండీ, అది దిష్టితాడు” అన్నాడతను. “ఎవరి కళ్లు పడ్డాయో అని మీరే కదా అన్నారు. మా కళ్లానికి ఏం కడతామో మీ కళ్లానికీ అదే కట్టాను. నీళ్లు వెనక్కి తీసిన పూట, భయపడుతూనే దిగి కర్రలు కూడా లోతుగా దిగ్గొట్టి వచ్చాను. మీరు పాతేది మిరపనారుకి కూడా చాలదు.”

“మరి మిరపకాయలేవి? వట్టి నిమ్మకాయే ఉంది.”

“గుత్తులు గుత్తులు కట్టాను. కోతలో ఏరిన మంచి కాయలు.”

మాధురి ఒక్క క్షణం ఆలోచించింది. పండుకాయ ఉప్పునీళ్లలో రెండు పోట్లకే మెత్తబడి జారిపోతుంది. దబ్బనం దించిన నిమ్మకాయ మిగులుతుంది. ఆ ఎర్రటి పేలికలు మిరపతొక్కలు. దిష్టితాడు కడితే సముద్రం దాన్ని చేతబడి చేసి పెట్టింది. ఆమెకి నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చాయి, ఆ నీళ్లు చేత్తోనే తుడుచుకుంది. ఆ పైన చెప్పేదేముంది, రాజ్యమ్మ చెంబుతో నీళ్లు పోస్తుంటే అతను వానలోకి పరుగెత్తి దగ్గర్లో ఉన్న ఇంటి నుంచి మజ్జిగ తెచ్చాడు.

“ముందే చెబితే ఏం పోయింది?” అంది మాధురి, ఒక కన్ను మూసుకుని.

“చెబితే నమ్మేవాళ్లా? నా మీద అనుమానం కదా మీకు.”

“మీకు నా మీద లేదా?”

“ఇప్పటికీ ఉంది. అయినా కట్టాను.”

ఆమె మూసిన కన్ను కూడా తెరిచి అతని వైపు చూసింది.

మర్నాడు పొద్దున్నే నాగేంద్రబాబు పాలెం వెళ్లి, జక్రయ్య ఇంటి ముందు పదిమందిలో నిలబడి, ఆ నిమ్మకాయలు కట్టింది తనేనని ఒప్పుకున్నాడు. దిష్టితాడు ఎలా గుచ్చుతారో గుచ్చి చూపించాడు. పాలెం అంతా పొట్ట పట్టుకుని నవ్వింది. జక్రయ్య భార్య కోళ్లగూటికి కట్టడానికి ఇంకోటి గుచ్చివ్వమంది. జక్రయ్య మాత్రం ఒక షరతు పెట్టాడు.

“కట్టినోడు కూడా పడవ ఎక్కాలి. ఏదన్నా అయితే ముందు ఆయనకే అవ్వాల.”

నాగేంద్రబాబు రెండు చేతులతో పడవ అంచు పట్టుకుని కూర్చున్నాడు. చివరి కర్ర దగ్గర మాధురి మోకాలి లోతు నీళ్లలోకి దిగి చట్రం అడుగున పెట్టి, వంగి చూడమంది. చూశాడు. చట్రం నిండా ఎరుపూ ఆకుపచ్చా కలిసిన నాచు, దాని పోగుల మధ్య గాజుముక్కల్లాంటి రొయ్యపిల్లలు, వేలెడంత పండుగప్ప చేపపిల్లలు. ఆమె పేర్లు చెబుతుంటే భయం సంగతి మర్చిపోయి అతను కూడా నీళ్లలోకి దిగాడు.

కర్ర కర్రకీ కాలువ మూతి దగ్గరయ్యేకొద్దీ నాచు పలచబడింది. కాలువ మూతి దగ్గర కర్ర కింద చట్రంలో నల్లటి బురద తప్ప ఏమీ లేదు. నిన్నటి వాననీళ్లు చేల మీదుగా వచ్చి, మట్టిరంగులో ఆ బురద మీదికే దిగుతున్నాయి.

“ఇది కూడా రాస్తారా?” అన్నాడు నాగేంద్రబాబు.

“రాయాలి. కాలువ మూయమని రాయను. కనబడింది మాత్రం రాస్తాను.”

అతనికి చేను గుర్తొచ్చింది, వానాకాలం గుర్తొచ్చింది. ఆ రోజు తను కడిగిన పంపు కూడా గుర్తొచ్చింది.

“రాయండి” అన్నాడు. “కాలువలో పంపులు కడగొద్దని మావాళ్లతో నేను చెబుతాను. నా పంపు ఇకనుంచి చేలోనే గుంట తీసి కడుగుతాను.”

మాధురి తల వంచుకుని చట్రం తాళ్లు సర్దుతున్నట్టు నటించింది. “ఇంకా అనుమానం ఉందా నా మీద?” అని అడిగింది.

“ఒక్కటే మిగిలిందండీ. పని అయిపోయింది కదా, గది ఖాళీ చేసి వెళ్లిపోతారేమోనని.”

“ఈ చోటు ఒక్క ఏడాదిలో తేలదు. వచ్చే మాఘానికి మళ్లీ చూడాలి, ఆ పై ఏడు కూడా.”

“అయితే గది ఉంచమని అత్తకి చెప్పనా?”

“చెప్పండి. కానీ అద్దెకి ఉండాలని లేదు.”

అతనికి అర్థమవడానికి కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక నిలబడ్డచోటే కాలు జారి కూలబడ్డాడు. మోకాలి లోతే బాబూ అని పడవలోంచి జక్రయ్య ధైర్యం చెప్పాడు.

రాజ్యమ్మే స్వయంగా తాడేపల్లి వెళ్లి సంబంధం మాట్లాడింది. మాధురి నాన్న ఊరికే ఒప్పుకోలేదు, కుర్రాడి గురించి నాలుగు ఊళ్లలో వాకబు చేయించాడు. నీళ్లంటే భయం తప్ప ఏ వంకా దొరకలేదట.

మరుసటి మాఘ అమావాస్యకి భార్యాభర్తలిద్దరూ కాలువ మూతి దగ్గర వంగి నిలబడ్డారు. చట్రంలో ఒక మూల, గవ్వకి అంటుకుని, అరచేయంత ఆకుపచ్చ నాచు. నాగేంద్రబాబు నమ్మలేదు. ఎక్కడో ఊడి కొట్టుకొచ్చిందేమోనని వేలితో మెల్లగా లాగి చూశాడు. అది రాలేదు.