స్టీరింగ్ మీద నాలుగు వేళ్ళు

చీకటి పడితే ఆ షెడ్డు ముందు నుంచి ఎవరూ నడిచేవారు కాదట. లోపల ఉన్నది ఒక పాతకాలం కారు. దాని యజమాని పోయి పదకొండు నెలలు. అయినా రోజూ రాత్రి భోజనాల వేళకి హారన్ ఒక్కసారి... పొడుగ్గా... మోగేది. తలుపు తీసి చూసిన మొనగాడు ఆ వీధిలో లేడు. కబుర్లు చెప్పేవాళ్ళకి మాత్రం కొదవ లేదు.

కార్లు బాగుచేసే పానాల మేస్త్రీ కూడా ఆ కబుర్లు విన్నవాడే. అయినా పని ఒప్పుకున్నాడు.

"నాన్న పోయి ఏడాదయ్యేలోగా బండి కొత్తదానిలా ఉండాలి మేస్త్రీగారూ" అన్నాడు ఫోన్లో, వేరే ఊళ్ళో ఉండే ఆ యజమాని కొడుకు. "ముందు ఆ పగిలిన స్టీరింగ్ మార్చండి. అమ్మ ఇవాళ పిన్ని ఇంటికి వెళ్తుంది, రాత్రికి గానీ రాదు. తనకి చెప్పకండి... చూసి సంతోషపడుతుంది."

స్టీరింగ్ మొండికేసింది. నట్టు ఊడింది గానీ, తుప్పు పట్టి కడ్డీకి కరుచుకుపోయింది. మేస్త్రీ నూనె పోశాడు, సుత్తితో తట్టాడు, బతిమాలాడు, తిట్టాడు. చివరికి రంపం తీశాడు. పగులు దగ్గర ఎవరో లప్పం మెత్తి అతుకేశారు — గుంటలు గుంటలుగా, అసహ్యంగా. "ఎవడో చేతకానివాడి పని" అని గొణిగి, సులువుగా తెగుతుందని సరిగ్గా అక్కడి నుంచే మొదలుపెట్టి, కడ్డీ దాకా రెండు ముక్కలుగా కోశాడు.

కొత్తది బిగించేసరికి చీకటి పడింది. ఇక హారన్ తీగ కలపాలి. షెడ్డులో దీపం మీట కనిపించక, టార్చి పట్టుకుని కారు కింద దూరాడు. టార్చి మినుకుమంది... ఆరిపోయింది.

ఇంటివైపు తలుపు కిర్రుమంది.

అడుగులు... మెల్లగా. కారు తలుపు తెరుచుకుంది. పైన సీటు కుంగింది. తెలిసిన దేవుళ్ళలో ఒక్కరి పేరూ మేస్త్రీకి గుర్తు రాలేదు.

స్టీరింగ్ మీద ఎవరో తడుముతున్నారు. ఒక చుట్టు... ఇంకో చుట్టు... ఇంకా వేగంగా —

"ఏమండీ..." ఆడగొంతు, గుసగుసగా. "మీ వేళ్ళేవండీ?"

ఆ వెంటనే ఏడుపు. ముక్కు ఎగబీలుస్తూ, వెక్కుతూ. దెయ్యాలు అలా ఏడవవని మేస్త్రీకి అప్పుడు తెలిసింది.

పాకుతూ బయటికొచ్చాడు. "అమ్మా... భయపడకండి, మేస్త్రీని. మీ అబ్బాయి పంపాడు."

ముసలమ్మ తడుముకుంటూ వెళ్ళి దీపం వేసింది. పాత స్టీరింగ్‌కి ఆ అతుకు వేసింది ఆమె భర్తేనట. లప్పం ఆరకముందే తొందరపడి పట్టుకుంటే, నాలుగు వేళ్ళూ అచ్చు పడ్డాయి. ఆయన పోయాక ఆమె రోజూ వచ్చి, ఆ గుంటల్లో తన వేళ్ళు పెట్టుకుని, స్టీరింగ్ నడుమ నుదురు ఆనించుకునేది. ఆ బరువుకే హారన్ మోగేది.

మేస్త్రీ గోనెసంచి విప్పి పాత స్టీరింగ్ ముక్కలు చూపించాడు. రంపం మూడో వేలి గుంట మీదుగా నడిచింది.

ఆమె కోప్పడలేదు. తిట్టినా బాగుండేది. రెండు ముక్కలూ ఒళ్ళో కలిపి పట్టుకుంది. మూడో వేలి గుంట ఇరుకై, ఇంకెవరి వేలిదోలా ఉంది.

"కోసినప్పుడు పొడి రాలుంటుంది కదా నాయనా... ఏదీ? ఏరుకుంటాను."

పనయ్యాక నేల శుభ్రం చెయ్యందే మేస్త్రీకి తోచదు. సాయంత్రమే ఊడ్చి, నీళ్ళు కొట్టి, అంతా కాలవలోకి తోసేశాడు.

ఆమె అప్పటికే కింద కూర్చుని, తడి నేలంతా అరచేత్తో తడుముతోంది. మేస్త్రీ కూడా పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని వెతకసాగాడు.