మూడో నోటి మాట

నల్లగట్టు కోటంటే అట్టాంటిట్టాంటి కోట కాదు. దాని తలుపు తెరిస్తే ఆ గాలికి పక్క రాజ్యంలో దీపాలు ఆరిపోయేవి. నమ్మకపోతే మీ ఇష్టం. ఆ ఏడు ఆ కోట చుట్టూ కనుచూపు మేరా శత్రువుల గుడారాలే.

ఆ తలుపుకో కట్టుబాటుంది. పోయిన రాజు బతికున్నప్పుడు, ఎవరెట్టా ఏలుకుంటన్నారో చూసి రమ్మని కొప్పన మంత్రిని దేశాల మీదికి పంపాడు.

మంత్రి తిరిగొచ్చి చెప్పాడు. "దేవరా, తూర్పు దేశంలో రాజొక్కడిదే మాట. ఆయన కోపమొచ్చి సొంత ఓడలే తగలబెట్టిస్తే అడ్డం చెప్పే దిక్కు లేదు. పడమటి దేశంలో నూరుమంది పెద్దలు ఒప్పుకోవాల. వాళ్లు వాదించుకుంటంటే శత్రువొచ్చి, అన్నం వండుకు తిని, కునుకు తీసి మరీ కోట పట్టాడు. మనకి ముగ్గురు చాలు. రాణమ్మ, మంత్రి, సేనాపతి. ముగ్గురూ సరేనంటేనే తలుపు తియ్యాల. ఒకరు వద్దంటే, మళ్లీ ఆ నోరే సరేననాల."

రాజు మెచ్చి చేతి కంకణం తీసిచ్చాడు.

ఇప్పుడు సేనాపతి ముమ్మడి నాయకుడు బయట పోరాడి పోరాడి, మిగిలినోళ్లతో తలుపు దగ్గరికొచ్చి పడ్డాడు. వెనకాలే శత్రువు గుర్రాలు.

"తియ్యండి," అంది గోడ మీంచి మల్లసాని రాణి.

"తియ్యండి," అన్నాడు మంత్రి, మహా తొందరగా. శత్రువుతో బేరం అయిపోయింది మరి. నాయకుడి వెనకే శత్రువు దూరాల, కోట మంత్రికి దక్కాల.

"మూడో మాట నీదే నాయకా. అను. నా బిడ్డలు చచ్చిపోతన్నారు," అంది రాణి.

నాయకుడు వెనక్కి చూశాడు. పైన మంత్రి మొహం చూశాడు. "మంత్రిగారూ, నా మీద ఇంత ప్రేమ ఎప్పట్నించి?" అని నవ్వి, తలుపుకి వీపు ఆనించి, "వద్దు రాణమ్మా," అన్నాడు.

ఆయన వేటుకో ఏనుగు కూలింది. అయినా చివరికి ఆయనా కూలాడు.

"తెరిపిస్తానంటివి గదా కొప్పనా," అని కిందనించి శత్రువు తిట్టాడు. రాణి ఆ మాట విని, మంత్రిని అదే గోడ మీంచి తోయించింది.

వానలకి శత్రువు గుడారాలు ఎత్తేశాడు. కానీ తలుపెట్టా తియ్యాల? వద్దన్న నోరు మట్టిలో ఉంది. చచ్చినోడి మాట ఎవరు వెనక్కి తీసుకోవాలో మంత్రీ అనుకోలేదు, రాజూ అనుకోలేదు. జనం తాళ్లేసుకుని గోడ దిగారు. ధాన్యం గంపల్లో ఎక్కింది. రానురాను ఎక్కేవాళ్లు తగ్గారు.

జుట్టు నెరిసిన రాణి ఒక్కతే రోజూ తలుపుకి చెవి ఆనించి అడిగేది.

"నాయకా, యుద్ధమైపోయిందయ్యా. ఇప్పుడు తియ్యనా?"

అవతల్నించి రొప్పుతా ఒక గొంతు.

"వద్దు రాణమ్మా. ఇంకా వస్తన్నారు."